2 శాతం ఓట్ల తేడాకి 25 సీట్లు ఎలా? 2023 తెలంగాణ ఫలితాలు మళ్లీ ఒకసారి చూద్దాం

పాలమూరు_పిలగాడు
అందరికీ నమస్తే. 2023 అసెంబ్లీ ఎన్నికల మీద చాలా చోట్ల చదివాను. ఒక లెక్క మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు. కాంగ్రెస్‌కి 39.40 శాతం ఓట్లు, 64 సీట్లు. బీఆర్ఎస్‌కి 37.35 శాతం, 39 సీట్లు. బీజేపీకి దాదాపు 14 శాతం వస్తే 8 సీట్లు. మజ్లిస్‌కి రెండు శాతం చిల్లరకే 7. సీపీఐకి ఒకటి. ఓట్లలో తేడా రెండు శాతం, సీట్లలో తేడా 25. కొందరు దీన్ని గాలి అంటారు, కొందరు కొద్దిలో పోయిందంటారు. ఏది నిజం? పార్టీ గొడవలు కాకుండా లెక్కతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

లెక్కల_సార్
మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. మొత్తం ఓట్లలో కాంగ్రెస్‌కి, బీఆర్ఎస్‌కి తేడా 4 లక్షల 80 వేల పైచిలుకు. 119తో భాగిస్తే నియోజకవర్గానికి నాలుగు వేలు. కానీ ఆ నాలుగు వేలు ఎక్కడా లేవు. రాష్ట్ర సగటు చూస్తే ఈ ఎన్నిక అస్సలు అర్థం కాదు. పాత జిల్లాల వారీగా పేపరు మీద రాసుకో, అప్పుడు బయటపడుతుంది.

ఉమ్మడి నల్గొండలో 12 సీట్లుంటే కాంగ్రెస్‌కి 11. సూర్యాపేట ఒక్కటే బీఆర్ఎస్‌కి మిగిలింది. ఖమ్మంలో 10కి 8 కాంగ్రెస్, కొత్తగూడెం సీపీఐ, భద్రాచలం బీఆర్ఎస్. వరంగల్‌లో 12కి 10. మీ పాలమూరులో 14కి 12, అలంపూర్, గద్వాల మాత్రమే చేజారాయి. ఈ నాలుగు జిల్లాలు కలిపితే 48 సీట్లు. అందులో కాంగ్రెస్‌కి 41, బీఆర్ఎస్‌కి 6.

ఇప్పుడు మిగతా 71 చూడు. అక్కడ బీఆర్ఎస్‌కి 33, కాంగ్రెస్‌కి 23, బీజేపీకి 8, మజ్లిస్‌కి 7. అంటే ఆ నాలుగు జిల్లాలు పక్కన పెడితే బీఆర్ఎస్సే పెద్ద పార్టీ! ఒక రాష్ట్రంలో ఒకే రోజు రెండు ఎన్నికలు జరిగాయని నేనంటాను. గాలి అన్నవాళ్లదీ నిజమే, కొద్దిలో పోయిందన్నవాళ్లదీ నిజమే. ఎవరి జిల్లాలో నిలబడి వాళ్లు చూస్తున్నారు.

ఖమ్మం_మిర్చియార్డ్
సార్ చెప్పింది మా జిల్లాకి అక్షరాలా సరిపోతుంది. మా దగ్గర ఆరు నెలల ముందే వాసన తెలిసిపోయింది. జూలై 2న ఖమ్మంలో రాహుల్ గాంధీ సభ, భట్టి విక్రమార్క పాదయాత్ర ముగింపు, పొంగులేటి శ్రీనివాసరెడ్డి చేరిక, మూడూ ఒకే రోజు. ఆ తర్వాత తుమ్మల కూడా వచ్చారు. ఇక్కడ నాయకుడు పార్టీ మారితే ఊళ్లో వార్డు మెంబరు దాకా అందరూ వెంట నడుస్తారు. ఇల్లెందు, పినపాక లాంటి ఏజెన్సీ సీట్లలో కూడా అదే జరిగింది.

ఇంకోటి. మా వైపు కౌలు రైతులు ఎక్కువ. రైతుబంధు పట్టాదారుకి పడేది, పొలం దున్నేవాడికి రాలేదు. మిర్చి వేసినవాడు ఎకరానికి పెట్టుబడీ పెట్టి, కౌలూ కట్టి, నల్లి తెగులుకు మందులు కొట్టి చివరికి అప్పులతో మిగిలాడు. పట్నంలో ఉండే ఆసామి ఖాతాలో డబ్బు పడ్డ మెసేజ్ వస్తే కౌలుదారుకి ఎలా ఉంటుందో ఆలోచించండి. కాంగ్రెస్ రైతుభరోసాలో ఎకరానికి ఏడాదికి 15 వేలు, కౌలుదారుకి కూడా అని చెప్పింది. ఆ మాట ఇక్కడ చాలా దూరం పోయింది. తర్వాత ఎంతవరకు అమలైందనేది వేరే చర్చ, కౌలుదారులు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

గజ్వేల్_గులాబీ
నేను బీఆర్ఎస్‌కి ఓటేసినవాణ్ని, దాచుకోను. అందరూ వ్యతిరేకత, వ్యతిరేకత అంటారు గానీ మా దగ్గరికి వచ్చి చూడండి. మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్ నీళ్లు కళ్లముందు కనిపిస్తాయి. ఇంటింటికీ భగీరథ నల్లా, పొలానికి 24 గంటల కరెంటు. ఒకప్పుడు రాత్రి కరెంటు కోసం టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరికి పోయినోళ్లం. ఆ బాధ తెలిసినవాళ్లు పార్టీని అంత తేలిగ్గా వదలరు. ఉమ్మడి మెదక్‌లో 10కి 7 మేమే గెలిచాం. సిద్దిపేటలో హరీశ్ రావు మెజారిటీ 82 వేలు దాటింది.

మరి ఎందుకు ఓడిపోయాం? నా బాధ ఒక్కటే. ఆగస్టు 21న 115 మంది జాబితా ఒకేసారి ప్రకటించారు. మార్చింది ఏడుగురినే. కేసీఆర్ మీద కోపం లేనివాళ్లు కూడా తమ ఎమ్మెల్యే మీద కోపంతో ఉన్నారు. దళితబంధు ఎవరికి, డబుల్ బెడ్రూం ఎవరికి అన్నది ఎమ్మెల్యే చుట్టూ తిరిగేవాళ్లు తేల్చేవారు. ఇరవై, ముప్పై చోట్ల కొత్త ముఖాలను పెట్టి ఉంటే ఈ రెండు శాతం తిరగబడేదని నా నమ్మకం. ఇంకా, పార్టీ పేరులో తెలంగాణ తీసేసి టీఆర్ఎస్‌ని బీఆర్ఎస్ చేయడం మా ఊళ్లో పెద్దమనుషులకు అస్సలు రుచించలేదు.

లెక్కల_సార్
గజ్వేల్ తమ్ముడు చెప్పిన 82 వేల మెజారిటీలోనే పిలగాడి ప్రశ్నకి సగం జవాబుంది. సిద్దిపేటలో 82 వేలతో గెలిచినా ఒకటే సీటు, చేవెళ్లలో 268 ఓట్లతో గెలిచినా ఒకటే సీటు. కుత్బుల్లాపూర్‌లో బీఆర్ఎస్ మెజారిటీ 85 వేలు దాటింది, రాష్ట్రంలో అదే ఎక్కువ. ఈ రెండు చోట్ల మిగిలిపోయిన ఓట్లే లక్షన్నర పైన. అవి పక్క నియోజకవర్గానికి పనికిరావు. కాంగ్రెస్‌కీ నకిరేకల్‌లో 68 వేల మెజారిటీ వచ్చిందనుకో. కానీ దానికి తగ్గట్టు చుట్టుపక్కల సీట్లన్నీ కూడా వచ్చాయి.

2018తో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. అప్పుడు టీఆర్ఎస్‌కి 46.87 శాతం, 88 సీట్లు. కాంగ్రెస్‌కి 28.43, 19 సీట్లు. "కాంగ్రెస్‌కి 11 శాతం పెరిగింది" అని టీవీల్లో చెప్పారు. నిజమే గానీ, అప్పుడు కూటమిలో టీడీపీకి, టీజేఎస్‌కి, సీపీఐకి సీట్లు వదిలి కాంగ్రెస్ సుమారు వంద చోట్లే పోటీ చేసింది. 2023లో కొత్తగూడెం తప్ప 118 చోట్ల నిలబడింది. టీడీపీ అసలు పోటీలోనే లేదు. పెరిగిన ఓట్లలో కొంత వాటా దీనిదే.

కూకట్‌పల్లి_కాలనీ
సిటీ సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో కాంగ్రెస్‌కి ఒక్కటీ రాలేదు. ఊళ్లన్నీ మారుతుంటే సిటీ మాత్రం కదలలేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఎన్నికల ముందు మాటలు విన్నాను: ఫ్లైఓవర్లు వచ్చాయి, కరెంటు పోవట్లేదు, ఆఫీసులు వస్తున్నాయి, ఉన్నది ఎందుకు కదిలించడం? ధరణి భూరికార్డులు, రైతుబంధు, గ్రూప్ పరీక్షలు ఇవేవీ వాళ్ల గొడవలు కావు.

కానీ నాకు సిగ్గనిపించే విషయం పోలింగ్. మునుగోడులో 90 శాతం దాటితే యాకుత్‌పురాలో 40 కూడా రాలేదు. హైదరాబాద్ జిల్లా మొత్తం మీద సగం మంది కూడా ఓటెయ్యలేదు. గురువారం సెలవిస్తే శుక్రవారం కూడా సెలవు పెట్టి ఊళ్లకి పోయారు. రోడ్డు గుంత మీద ట్వీట్లు పెట్టేవాళ్లలో ఎంతమంది ఆ రోజు క్యూలో నిలబడ్డారు?

చార్మినార్_కుర్రాడు
అన్నా, పాతబస్తీ పోలింగ్ తక్కువ అని అందరూ అంటారు, కారణం మాత్రం వెతకరు. ఇల్లు మారిన కిరాయిదారుల పేర్లు పాత అడ్రసులోనే ఉంటాయి, చనిపోయినవాళ్ల పేర్లు తీసెయ్యరు. అప్పుడు జాబితాయే పెద్దదైపోయి శాతం తక్కువ కనిపిస్తుంది. దానికితోడు ఎప్పుడూ ఒకే పార్టీ గెలుస్తుందనే ధీమా కూడా ఉంది, ఒప్పుకుంటాను. అయితే 2023లో ఆ ధీమాకి దెబ్బ తగిలింది. అదే యాకుత్‌పురాలో మజ్లిస్ 878 ఓట్లతో బయటపడింది. నాంపల్లిలో కూడా రెండు వేల తేడానే. సీట్లు 7 అలాగే ఉన్నాయి కాబట్టి ఏమీ మారలేదనుకోవద్దు.

మజ్లిస్‌కి రెండు శాతానికి 7 ఎలా అన్నది సులువు. పోటీ చేసిందే 9 చోట్ల. ఉన్న ఓట్లన్నీ పక్కపక్క సీట్లలోనే ఉన్నాయి. బీజేపీ ఓట్లు రాష్ట్రమంతా చెదిరిపోయాయి. గోషామహల్ తప్ప దాని సీట్లన్నీ ఉత్తరాన ఉన్నాయి చూడండి: ఆదిలాబాద్, నిర్మల్, ముధోల్, సిర్పూర్, ఆర్మూర్, నిజామాబాద్ అర్బన్, కామారెడ్డి.

మోడరేటర్
రెండు పోస్టులు తీసేశాను. కులం పేరెత్తి తిట్టడం ఇక్కడ కుదరదు. చర్చ బాగా సాగుతోంది, ఇలాగే కొనసాగించండి.

అశోక్‌నగర్_రీడింగ్‌రూమ్
గ్రూప్స్‌కి చదివేవాళ్ల సంగతి ఒక్క ముక్క. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశాం. పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాం. బయోమెట్రిక్ సరిగ్గా తీసుకోలేదని హైకోర్టు అదీ రద్దు చేసింది. గ్రూప్-2 వాయిదాల మీద వాయిదాలు. ఊళ్లో అమ్మానాన్నలు నెలనెలా హాస్టల్ డబ్బులు పంపుతూనే ఉన్నారు. ఆ సంవత్సరం దసరాకి ఇంటికి వెళ్లినవాళ్లంతా ఇంట్లో నాలుగు ఓట్లు మార్చే వచ్చారు. మా రూములో అందరం ఓటు కోసం ఊళ్లకి పోయాం. సిటీలో మా కోపం కనపడకపోవడానికి కారణం, మా ఓట్లు ఇక్కడ లేకపోవడమే.

కొల్లాపూర్‌లో నిరుద్యోగ యువతి బర్రెలక్క (శిరీష) ఇండిపెండెంట్‌గా నిలబడితే మాలో కొందరు సొంత ఖర్చుతో ప్రచారానికి వెళ్లారు. గెలుస్తుందని కాదు, మా బాధ ఎవరో ఒకరు మైకులో చెప్తున్నారని.

కామారెడ్డి_కౌంటింగ్
నేను ఆ రోజు కామారెడ్డిలో కౌంటింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. ఏ పార్టీ తరఫున అన్నది చెప్పను. అక్కడ జరిగింది రాష్ట్రంలో ఇంకెక్కడా జరగలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు నేపథ్యం. 2022 చివర్లో పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల పచ్చని పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారు. అడ్లూర్ ఎల్లారెడ్డిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. 2023 జనవరిలో రైతులు కలెక్టరేట్‌ని చుట్టుముట్టారు. మున్సిపల్ కౌన్సిల్ చివరికి ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. ఆ ఉద్యమంలో ముందున్న బీజేపీ నాయకుడు కాటిపల్లి వెంకటరమణారెడ్డి. అప్పటికి బయట జిల్లాల వాళ్లెవరికీ ఆయన పేరు తెలియదు.

ఆగస్టులో కేసీఆర్ గారు గజ్వేల్‌తో పాటు ఇక్కడా పోటీ అన్నారు. అమ్మగారి ఊరు కోనాపూర్ మా నియోజకవర్గంలోనే ఉందని చెప్పుకున్నారు. సిట్టింగ్ ఎమ్మెల్యే గంప గోవర్ధన్ తప్పుకున్నారు. తర్వాత కాంగ్రెస్ నుంచి రేవంత్ రెడ్డి వచ్చారు, షబ్బీర్ అలీ నిజామాబాద్ అర్బన్‌కి వెళ్లారు. పోటీలో 39 మంది. నోటాతో కలిపి 40 బటన్లు, ప్రతి బూత్‌లో మూడు బ్యాలెట్ యూనిట్లు. పెద్దవాళ్లు గుర్తు వెతుక్కోవడానికే కష్టపడ్డారు.

డిసెంబరు 3 ఉదయం 8కి పోస్టల్ బ్యాలెట్లు మొదలయ్యాయి. అరగంట తర్వాత మెషీన్లు. లోపలికి ఫోన్ లేదు, పెన్నూ కాగితమే. జాలీ అవతల సిబ్బంది, ఇవతల మేము. కంట్రోల్ యూనిట్ తెచ్చి సీలు చూపిస్తారు, నంబరు మా దగ్గరున్న 17సీ ఫారంతో (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసిన కాగితం) సరిచూసుకుంటాం. రిజల్ట్ బటన్ నొక్కితే ఒక్కో అభ్యర్థి ఓట్లు వరసగా స్క్రీన్ మీద వస్తాయి. నలభై అంకెలు! చాలామందికి సున్నా, రెండు, ఒకటి. ఆ ముగ్గురి అంకెలు దాటిపోకుండా కళ్లార్పకుండా చూడాలి. దాటితే మళ్లీ చూపించమని అడగాలి.

మొదట్లో రేవంత్ ముందున్నారు. తర్వాత ఆధిక్యం ముగ్గురి మధ్యా మారుతూ వచ్చింది. ఒక రౌండు అయ్యేసరికి ఒక మూల చప్పట్లు, ఇంకో రౌండుకి ఇంకో మూల. ఆ టెన్షన్‌లో మధ్యాహ్నం అన్నం పొట్లాలు వచ్చినా ఎవరూ లేవలేదు. చివరికి వెంకటరమణారెడ్డి 66,652, కేసీఆర్ 59,911, రేవంత్ 54,916. మెజారిటీ 6,741. ముఖ్యమంత్రినీ, నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోయే మనిషినీ ఒకే పెట్టెలో ఓడించారు మా జనం. ఒక మాట గమనించండి: గెలిచిన ఆయనకి వ్యతిరేకంగా పడ్డ ఓట్లే ఎక్కువ. త్రిముఖ పోటీ అంటే ఇదే.

గజ్వేల్_గులాబీ
అన్నా, బాగా రాశారు. గజ్వేల్‌లో మాత్రం కేసీఆర్ 45 వేల మెజారిటీతో బీజేపీ అభ్యర్థి ఈటల రాజేందర్ మీద గెలిచారు. ఈటల హుజూరాబాద్‌లో కూడా ఓడిపోయారు. రెండు చోట్ల పోటీ చేసిన ముగ్గురు పెద్ద నాయకుల్లో ఎవరికీ రెండోదీ దక్కలేదు.

ఖమ్మం_మిర్చియార్డ్
రేవంత్‌కి కొడంగల్‌లో 32 వేలు వచ్చింది కదా, కేసీఆర్‌కి గజ్వేల్. అలా చూస్తే ఇద్దరూ సొంతింట్లో గెలిచారు.

నెటిజన్_7
ఇవన్నీ సరే, మెషీన్ల మీదే నాకు నమ్మకం లేదు. సిటీలో ఒకలా, ఊళ్లలో ఒకలా రావడం ఏంటి?

పీఓ_టీచరమ్మ
తమ్ముడూ, నేను ప్రభుత్వ టీచర్ని, ఎన్నికల డ్యూటీ చేస్తుంటాను. అనుమానం ఉండటం తప్పు కాదు. కానీ బూత్‌లో ఏం జరుగుతుందో విను. పొద్దున పోలింగ్ మొదలవ్వక ముందే ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ చేస్తాం. ఓటు ఏ గుర్తుకి పడిందో చూపించే వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టి మెషీన్‌తో సరిచూపిస్తాం. తర్వాత అవన్నీ క్లియర్ చేసి, సున్నా చూపించి, సీలు వేసి ఏజెంట్ల సంతకాలు తీసుకుంటాం. సాయంత్రం ఎన్ని ఓట్లు పోలయ్యాయో 17సీలో రాసి ప్రతి ఏజెంటుకీ కాపీ ఇస్తాం. కామారెడ్డి తమ్ముడు పైన చెప్పిన కాగితం అదే. లెక్కింపు రోజు ప్రతి నియోజకవర్గంలో ఐదు బూత్‌ల చీటీలు లాటరీ తీసి లెక్కపెడతారు.

సిటీలో, ఊళ్లలో తేడా ఎందుకొచ్చిందో పై పోస్టుల్లోనే కారణాలున్నాయి. మనుషుల బతుకులు వేరు, ఓట్లు వేరుగా పడ్డాయి. ఇంకో సంగతి, 80 ఏళ్లు దాటినవాళ్లకు ఆ ఎన్నికల్లో ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కల్పించారు. మంచం మీదున్న ఒక పెద్దమ్మ "నన్ను ఎవరూ మర్చిపోలేదన్నమాట" అంటూ వేలు చాపింది సిరా కోసం. ఆ పని చేసినందుకు నాకు గర్వంగా ఉంటుంది.

బెజవాడ_బెంజిసర్కిల్
తెలంగాణ సోదరులకి నమస్కారం. ఓట్లు, సీట్లు అంటున్నారు కాబట్టి మా లెక్క కూడా పక్కన పెట్టుకోండి. 2024లో వైసీపీకి 39.37 శాతం ఓట్లు, 175లో 11 సీట్లు. మీ బీఆర్ఎస్ కన్నా రెండు శాతం ఎక్కువ ఓట్లతో దానికొచ్చింది 11. అంతకుముందు 2019లో టీడీపీకి కూడా 39 శాతమే, సీట్లు 23. మా దగ్గర పోటీ రెండు వైపులే. ఎదుటివాళ్లు 50 శాతం దాకా పోతే 39 శాతం ఎందుకూ పనికిరాదు. మీ దగ్గర బీజేపీ, మజ్లిస్ ఓట్లు పంచుకోబట్టి 37తో కూడా 39 సీట్లు నిలిచాయి. ఆ రకంగా చూస్తే బీఆర్ఎస్‌కి సీట్లు మరీ తక్కువేమీ రాలేదు.

లెక్కల_సార్
చాలా మంచి పోలిక. దీనికి కొనసాగింపు ఆర్నెల్ల తర్వాత మా దగ్గరే కనిపించింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ 8, బీజేపీ 8, మజ్లిస్ 1, బీఆర్ఎస్ సున్నా. బీఆర్ఎస్ ఓట్లు 17 శాతం లోపుకి పడిపోయాయి, బీజేపీ 35 దాటింది. కాంగ్రెస్ ఓట్లు మాత్రం 40 దగ్గరే ఉన్నాయి. కాబట్టి అసెంబ్లీలో వచ్చిన 37 శాతం అంతా పార్టీ సొంత ఆస్తి అనుకోవడానికి లేదు.

కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ గురించి ఎవరూ అనలేదు, ఒక మాట చెప్పి వదిలేస్తాను. పిల్లర్లు కుంగింది అక్టోబరు 21న, పోలింగ్‌కి 40 రోజుల ముందు. ఆ ఫొటో ఎన్ని ఓట్లు మార్చిందో ఎవరూ కొలవలేరు. కానీ పదేళ్లు చెప్పుకున్న అతిపెద్ద పని మీదే ప్రశ్న పడితే, అడిగేవాడికి ధైర్యం వస్తుంది.

చేవెళ్ల_268
నా పేరు చూశారు కదా, మాది ఆ నియోజకవర్గమే. సార్ పైన మా సీటు గురించి అన్నారు, అందుకే రాస్తున్నాను. 268 ఓట్లంటే ఒక బూత్‌లో పోలయ్యే ఓట్లలో సగం కూడా ఉండవు. మా ఊళ్లో రెండు వైపులా ఎంత తిరిగారో నాకు తెలుసు. పూణేలో పనికి పోయినవాళ్లకి బస్సు పెట్టి రప్పించారు. అంత కష్టపడి గెలిపించుకున్న బీఆర్ఎస్ ఎమ్మెల్యే 2024 జూన్‌లో కాంగ్రెస్‌లోకి వెళ్లారు. బీఆర్ఎస్‌కి వేసినవాళ్లు మోసపోయామంటారు. కాంగ్రెస్‌కి వేసినవాళ్లు "మేం ఓడించాలనుకున్న మనిషే మా పార్టీలోకి వచ్చాడు" అంటారు. రెండు వైపులా కార్యకర్తలకి తలెత్తుకోలేని పరిస్థితి. మీరు 64, 39 అని లెక్కలేస్తుంటే నాకు ఆ 39లో ఇప్పుడెంత మిగిలిందన్నదే కనిపిస్తుంది.

గజ్వేల్_గులాబీ
పది మంది పోయారు అన్నా. భద్రాచలం ఎమ్మెల్యే కూడా అందులో ఉన్నారు, ఖమ్మంలో మాకు దక్కిన ఒకే ఒక్క సీటు.

ఖమ్మం_మిర్చియార్డ్
బాధ అర్థమవుతుంది. కానీ 2019 జూన్ గుర్తుచేసుకోండి. 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచిన 19 మందిలో ఉత్తమ్ రాజీనామాతో 18 మంది మిగిలితే, అందులో 12 మందిని టీఆర్ఎస్‌లో విలీనం చేశారు. మూడింట రెండొంతులు సరిగ్గా లెక్క కుదిరింది కాబట్టి చట్టానికి అడ్డు రాలేదు. అప్పుడు మా పాలేరు ఎమ్మెల్యే కూడా వెళ్లారు. మా ఊళ్లో జెండా మోసినవాళ్లు ఇప్పుడు మీరు పడుతున్న బాధే పడ్డారు.

గజ్వేల్_గులాబీ
ఒప్పుకుంటాను. అది కూడా తప్పే. అప్పుడు మేం చప్పట్లు కొట్టకుండా ఉండాల్సింది.

పీఓ_టీచరమ్మ
ఈ ఫిరాయింపుల మీద సుప్రీంకోర్టు 2025 జూలై 31న తీర్పిచ్చింది. మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కి చెప్పింది. రాజ్యాంగంలో ఫిరాయింపుల గురించి చెప్పే పదో షెడ్యూల్‌లో గడువు రాసి ఉంటే కోర్టుదాకా పోవాల్సిన పనే ఉండేది కాదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ సవరణ అడగదు, ఎందుకంటే రేపు తమకీ అవసరం పడుతుంది. అడగాల్సింది ఓటేసినవాళ్లే.

పాలమూరు_పిలగాడు
అందరికీ ధన్యవాదాలు. సార్, 48, 71 లెక్క నేను కాగితం మీద వేసి చూశాను, సరిపోయింది. ఇప్పుడు మా నియోజకవర్గంలో మండలాల వారీగా చూడాలని ఉంది. బూత్ వారీ ఓట్లు ఎక్కడ దొరుకుతాయి?

లెక్కల_సార్
ఫారం 20 అని ఉంటుంది తమ్ముడూ. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గం పేరు మీద నొక్కితే పీడీఎఫ్ వస్తుంది. ప్రతి బూత్‌కి ఒక వరస, ప్రతి అభ్యర్థికి ఒక గడి. బూత్ నంబరు ఏ ఊరిదో తెలియాలంటే పోలింగ్ కేంద్రాల జాబితా కూడా తీసి పక్కన పెట్టుకో. 2018ది కూడా దింపుకో, కాకపోతే బూత్ నంబర్లు మారి ఉంటాయి, ఊరి పేరుతో సరిచూసుకో. చేవెళ్ల తమ్ముడూ, నువ్వు కూడా మీది తీస్తే ఆ 268 ఏ మండలంలో తేలిందో ఇక్కడే కలిసి చూద్దాం.

చేవెళ్ల_268
ఈ ఆదివారం తీస్తాను సార్. మా ఊరి బూత్‌లతోనే మొదలుపెడతా.